‘పాలు పడలేదు’ అనేస్తే సరా?

తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు నోట పడుతున్నది మాత్రం నూటికి 37 మంది పిల్లలకే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్క ఇది. ముర్రుపాలు పిండి పారబోస్తారని, తేనె నాకిస్తారని ఒకప్పుడు ముసలమ్మలను తప్పుపట్టేవాళ్లం. ఇప్పుడు బిడ్డ పడుతున్నది డాక్టర్లు, నర్సుల చేతుల్లో. జవాబు చెప్పాల్సిందీ వాళ్లే.

అదే సర్వే లెక్కన రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే కదా, పాలు ఆలస్యం కాక ఏమవుతాయంటారు. వెన్నుకు మత్తిచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. ఇద్దరూ బాగుంటే థియేటర్‌లోనే బిడ్డను రొమ్ము మీద వేయొచ్చు. చాలాచోట్ల అలా జరగదు. బిడ్డను తుడిచి, చుట్టి, బయటున్న అమ్మమ్మ చేతికిస్తారు. తల్లి వార్డుకొచ్చేసరికి చేతికి సెలైన్, పక్కకు తిరిగితే కుట్ల మంట. బిడ్డ గుక్కపెడుతుంది. ‘‘పాలు పడలేదా? డబ్బా తెచ్చుకోండి’’ అన్న మాట వినపడగానే అమ్మమ్మ మెడికల్ షాపుకు పరుగు.

ఆ రాత్రి ఆ బాలింతకు కావలసింది పక్కన కూర్చునే నర్సు, ఓ ఇరవై నిమిషాలు. దిండు వేసి బిడ్డను చంక కిందుగా పట్టిస్తే కుట్ల మీద బరువు పడదు. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగమూ చాలావరకు నోట్లోకి వెళ్లాలి. లేకుంటే మొన పగులుతుంది, బిడ్డకు పాలందవు. మొదటి రోజు ఒక్కో విడతకు చెంచాడు ముర్రుపాలు చాలని చెబితే సగం టెన్షన్ తీరుతుంది. డబ్బాతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము చీకదు, చీకకపోతే పాలు ఊరవు.

నిజంగా పోతపాలు అవసరమైన పిల్లలూ ఉంటారు. ఆ తల్లులను నిందించకూడదు. డాక్టరు కారణం రాసివ్వాలి, అంతే. పాలపొడి కంపెనీలు డాక్టర్లకు, నర్సులకు కానుకలివ్వడాన్ని పోతపాలు, పాలసీసాల అమ్మకాలను కట్టడి చేసే 1992 నాటి కేంద్ర చట్టమే నిషేధించింది.

రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒక్క నర్సునే పెట్టి ఆమెనే తప్పుపట్టడమూ అన్యాయం. బాలింతల కోసమే శిక్షణ పొందిన నర్సును మూడు షిఫ్టుల్లోనూ ఉంచాల్సింది యాజమాన్యాలు, ప్రభుత్వం. ఇంటికి పంపేముందు కుట్లు చూస్తున్నారు, బిల్లు చూస్తున్నారు. బిడ్డ ఒక్కసారైనా కడుపునిండా తాగడం కళ్లారా చూశానని నర్సు సంతకం చేసే గడి ఒకటి డిశ్చార్జి కాగితంలో పెట్టాలి.