మర కలవని వియ్యం

పొరుగూళ్ళు రెండిటి ఫైర్ డిపార్ట్‌మెంట్లను ఒకటి చేసేద్దామన్న ఆలోచన అమెరికాలో బడ్జెట్ రోజులొచ్చిన ప్రతిసారీ ఏదో ఒక మూల పుడుతుంది. అక్కడ అగ్నిమాపకం మనకున్నట్టు రాష్ట్ర శాఖ కాదు. ఎక్కువచోట్ల ఊరికొక చీఫ్, ఊరికొక జీతాల పట్టిక, మధ్యలో ఒక రోడ్డు. ఒప్పందం లేకపోతే రోడ్డుకు ఈవల ఇల్లు అంటుకున్నప్పుడు ఆవలి వీధిలో ఉన్న ఇంజను కదలదు. ఈవలిది మూడు మైళ్ళ నుంచి రావాలి. దీనికి విలీనమే మందని పెద్దలు తేల్చారు కాబట్టి, పని ఏ వరసలో చెయ్యాలో విలీన సంఘం వారికి సవినయంగా మనవి చేసుకుంటున్నాం. వరస మాత్రం తప్పవద్దు.

మొదట పేరు. ఎవరి ఊరు ముందుండాలి? అక్షర క్రమమంటే ఒకరు అలుగుతారు, జనాభా అంటే ఇంకొకరు. ఆరు నెలలు కేటాయించండి. ఆ తర్వాత భుజం మీద బ్యాడ్జి. దాని వెంటే ఇంజను రంగు. నిమ్మపసుపు రాత్రిపూట బాగా కనపడుతుందని ఒక వర్గం, ఎర్రగా లేకపోతే అసలది ఫైరింజనే కాదని రెండో వర్గం. ఈ రెండో వర్గాన్ని గెలిచినవాళ్ళు ఇంతవరకు లేరు.

ఇక పొదుపు. ఇది కాస్త లెక్క తెలిసినవాళ్ళు చూడాల్సిన సంగతి. ఇంజనులో ఒక్క సీటు రోజంతా నిండి ఉండాలంటే మూడు షిఫ్టులకు ముగ్గురు కావాలి. సెలవులూ జబ్బులూ శిక్షణా కలుపుకుంటే దాదాపు నలుగురు. అంటే ఒక చీఫ్‌ను తీసేస్తే మిగిలేది ఒక జీతం, ఇంజనులో ఒక సీటు ఖాళీ పెడితే మిగిలేవి నాలుగు. కనుక చీఫులిద్దరినీ ఉంచి, ఒకరికి ‘వ్యూహాత్మక’ అన్న విశేషణం తగిలించి, సీటు ఖాళీ పెట్టడమే వివేకం. చిక్కల్లా 1998 నుంచి ఉన్న ఒక కార్మిక భద్రతా నిబంధనతోనే. మండుతున్న ఇంట్లోకి ఇద్దరు వెళ్తే, వాళ్ళకోసం బయట మరో ఇద్దరు సిద్ధంగా నిలబడాలి. ముగ్గురొచ్చిన ఇంజను రెండో ఇంజను వచ్చేదాకా బయటే ఆగాలి, లోపల మనిషి చిక్కుకుంటే తప్ప. ఇంటివాళ్ళు ఆ సమయాన్ని పొదుపు మీద ప్రజాభిప్రాయ సేకరణకు వాడుకోవచ్చు.

డ్యూటీ వేళల గురించి కూడా ఒక మాట. ఒక ఊళ్ళో 24 గంటలు పని, 48 గంటలు విశ్రాంతి. పక్క ఊళ్ళో 48 పని, 96 విశ్రాంతి. ఎలా లెక్కవేసినా సగటున వారానికి 56 గంటలే. అందుకే దీనిమీద చర్చ రెండేళ్ళు పడుతుంది. జీతాల్లో మాత్రం ఏకాభిప్రాయం సులువు: ఏ ఊరి పట్టిక ఎక్కువైతే అదే ఇద్దరికీ. పొదుపన్న మాట నివేదిక మొదటి పేజీలోనే ఉండి, అయిదో పేజీకి కనపడకుండా పోయేది ఇందుకే.

సరిహద్దులో ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్న స్టేషన్లలో ఒకటి మూసెయ్యాలి. ఎదుటివాళ్ళదే మూసెయ్యాలన్నది ఏకగ్రీవం. స్టేషన్‌కు ఒకటిన్నర మైళ్ళలోపు ఇళ్ళకు బీమా రేటింగ్‌లో విలువుంది కాబట్టి, మూతపడ్డ పక్కవాళ్ళకు పొదుపు అంటే ఏమిటో ప్రీమియం నోటీసు వివరిస్తుంది.

రేడియోలో మాటలు కూడా కలవాలి. రెండు ఊళ్ళలోనూ ఒకటో నంబరు ఇంజను ఉంటుంది, రెండు ఊళ్ళలోనూ మెయిన్ స్ట్రీట్ ఉంటుంది. ‘ట్యాంకర్’ పంపమంటే తూర్పు రాష్ట్రాల్లో పెరిగినవాడు నీళ్ళ లారీ అనుకుంటాడు, పడమటివాడు మంటల మీద నీళ్ళు కుమ్మరించే విమానం కోసం ఆకాశం వంక చూస్తాడు. నీళ్ళ లారీ పడమట ‘టెండర్’. ఇంజను గొట్టం తగిలించుకునే వీధి కుళాయిలు, అంటే హైడ్రెంట్ల రంగూ అంతే. నిమిషానికి 1500 గ్యాలన్లు, ఆపైన ఇచ్చేదానికి లేత నీలం, వెయ్యి దాటితే ఆకుపచ్చ, 500 దాటితే నారింజ, అంతకు లోపు ఎరుపు అని ఒక సిఫారసు ఉంది. ఆ పద్ధతి పాటించే ఊరివాడు అన్నిటికీ ఎరుపే పూసే ఊళ్ళోకి వస్తే, ఊరంతా నీళ్ళు లేవని బెంగపడతాడు.

చివరికి, సమావేశం ముగిసే వేళకు, గొట్టం.

గొట్టం చివర హైడ్రెంట్‌కు బిగించే మూతి కప్లింగ్. రెండున్నర అంగుళాల కప్లింగ్‌కు జాతీయ ప్రమాణం అంగుళానికి ఏడున్నర మరలు. ఊరి మర వేరైతే గొట్టం కాస్త తిరిగి మధ్యలోనే ఇరుక్కుంటుంది. బలవంతపెడితే మర చెడి, ఒత్తిడి పెట్టగానే నిప్పు మీద తప్ప అందరిమీదా చిమ్ముతుంది. ఇదేమీ కొత్త కబురు కాదు. 1904 ఫిబ్రవరి 7న బాల్టిమోర్ అంటుకుంటే వాషింగ్టన్ నుంచి ఇంజన్లు రైలెక్కి వచ్చాయి. గొట్టాలు అక్కడి హైడ్రెంట్లకు పట్టలేదు. పదిహేను వందలకు పైగా భవనాలు పోయాయి. విచారిస్తే దేశంలో కప్లింగ్ రకాలు 600 దాటాయి. ప్రమాణం వెంటనే వచ్చింది. వందేళ్ళ తర్వాత చూస్తే 48 పెద్ద నగరాల్లో దాన్ని పాటించినవి 18. అందాకా ఎందుకు, 1991 అక్టోబరు 20న ఓక్లండ్ కొండల మీద మంటలు లేచినప్పుడు సాయానికొచ్చిన పొరుగు ఇంజన్లవి రెండున్నర అంగుళాల కప్లింగులు, ఓక్లండ్ హైడ్రెంట్లవి మూడు. ఆ మంటల్లో 25 మంది పోయారు. గాలీ ఎండా నీటి కొరతా అన్నీ కలిసే ఆ పని చేశాయి. ఇత్తడి ముక్క కోసం వెతుక్కోవడం మాత్రం దైవికం కాదు.

(2014లో వేరు కాపురం పెట్టిన మన రెండు రాష్ట్రాలు ఆస్తుల పంపకం ఏళ్ళ తరబడి తేల్చుకోలేకపోయినా, ఇద్దరి గొట్టాలకూ ఉన్నది అదే 63 మిల్లీమీటర్ల కప్లింగ్. నొక్కితే టక్కున పడుతుంది. దీన్ని విడదీయవచ్చని ఎవరికీ తట్టలేదు. గుర్తు చేసినట్టవుతుందేమోనని మాకూ భయంగానే ఉంది.)

ఆ ఇత్తడి ముక్క పేరు అడాప్టర్. ఒక వైపు ఈ ఊరి మర, ఇంకో వైపు ఆ ఊరి మర. ప్రతి ఇంజనులోనూ రెండేసి ఉంటే, హైడ్రెంట్లన్నీ మార్చేదాకా పని నడుస్తుంది. కానీ అరచేతిలో పట్టే వస్తువుకు రిబ్బన్ ఎక్కడ కడతారు? దానిమీద రెండు ఊళ్ళ పేర్లూ పట్టవు, ఏది ముందన్నది కూడా ఇంకా తేలలేదు. అందుచేత సంఘం ఈ అంశాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేసింది.

అడాప్టర్లు ఇప్పటికే ఉన్నాయని స్టోర్‌కీపర్ చెబుతున్నాడు. పాత ఇంజను ఎడమవైపు అలమారలో, గుడ్డలో చుట్టి. కొత్త రంగు ఖర్చుకు చాలక ఆ ఇంజనును పోయిన నెల వేలం వేశారు.