"మీ ఫిర్యాదు పరిష్కరించబడినది"

ఏటీఎంలో పదివేలు నొక్కితే నోట్లు రాలేదు, ఖాతాలో కోత మాత్రం పడింది. ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరిచ్చారు. నాలుగు రోజులకి పైన రాసిన మెసేజ్ వచ్చింది, డబ్బు రాలేదు. ఇలాంటి కేసు మీద, బ్యాంకు మేనేజరుగా రిటైరైన మావయ్యకీ కాల్ సెంటర్లో టీం లీడరుగా ఉన్న మేనల్లుడికీ వాదన.

అల్లుడు: ఫోనెత్తిన పిల్లల్ని తిట్టి లాభం లేదు మావయ్యా. వాళ్ల స్క్రీన్ మీద లావాదేవీ కనిపిస్తుంది, ఫిర్యాదు ఎక్కించగలరు. డబ్బు వెనక్కి వేసే అధికారం వాళ్లకి లేదు.

మావయ్య: పిల్లల్ని ఎవరన్నారు? వాళ్ల నెత్తిన గడియారం పెట్టినవాణ్ణి అంటున్నా. కాల్ సగటున ఎన్ని నిమిషాలు, రోజుకి ఎన్ని మూశారు, ఇదేగా మీ లెక్క? డబ్బు చేరిందా లేదా అన్న గడి మీ షీట్లో ఉందా?

అల్లుడు: లేదు. కానీ వచ్చే కాల్స్ ఏంటి? బ్యాలెన్స్ ఎంత, జీతం పడిందా, పిన్ మర్చిపోయా. యాప్‌లో తేలిపోయేవే. వాటి వెనక నిజంగా డబ్బు ఇరుక్కున్నవాడు క్యూలో ఉంటాడు. అందుకే ముందు మెషీన్ గొంతు పెట్టారు. యూపీఐకి రూపాయి ఇవ్వరు, మర్యాదలు మాత్రం పెళ్లివారి స్థాయిలో కావాలి.

మావయ్య: ఏటీఎం గురించి అడిగితే యూపీఐ ఎందుకు? ఉచిత విత్‌డ్రాలు దాటితే 2025 మే నుంచి ఒక్కోదానికి 23 రూపాయల దాకా తీసుకుంటున్నారుగా, పైన పన్ను వేరే. అసలు సంగతి విను. మెషీన్ ప్రతి కదలికా ఈజే లాగ్‌లో, అంటే తన ఎలక్ట్రానిక్ చిట్టాలో, రాసుకుంటుంది: కార్డు ఎప్పుడు పెట్టారు, ఎన్ని నోట్లు లెక్కపెట్టింది, నోట్లు బయటికి వెళ్లాయా. నోటు మడతపడి ఇరుక్కుంటే మెషీన్ లోపలే ఉండే రిజెక్ట్ బిన్ అనే పెట్టెలో పడుతుంది. క్యాష్ నింపే ఏజెన్సీ లెక్క చూసినప్పుడు ఆ పదివేలు ఎక్కువ తేలాలి. అంటే డబ్బెక్కడుందో తెలుసుకునే దారి బ్యాంకు చేతిలోనే ఉంది. అందుకే 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది. లావాదేవీ రోజు కాక ఐదు రోజుల్లో డబ్బు వెనక్కి వెయ్యాలి, దాటితే రోజుకి 100 రూపాయలు చొప్పున కట్టాలి. అదీ ఖాతాదారు అడగకుండానే. మరి ఆ మనిషి మీకు ఫోన్ ఎందుకు చెయ్యాల్సొచ్చింది?

అల్లుడు: మెషీన్ వేరే బ్యాంకుదైతే? 'నోట్లు బయటికొచ్చాయి' అని వాళ్లు రాసి పంపితే మేమేం చెయ్యాలి?

మావయ్య: అక్కడే మూసేస్తారు! ఆ లాగ్ కాపీ, ఆ రోజు క్యాష్ లెక్క, కెమెరా రికార్డు తెప్పించాలి. తెప్పించాల్సింది కార్డిచ్చిన బ్యాంకే, ఖాతాదారు రెండు బ్యాంకుల మధ్య తిరగక్కర్లేదు. ఆలస్యమైతే కెమెరా రికార్డు చెరిగిపోతుంది, అదొకటి.

అల్లుడు: మీ బ్రాంచీలు మాత్రం? డీడీకి వెళ్తే టోకెన్ పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. 'లింకు లేదు, రేపు రండి.' పాస్‌బుక్ ప్రింటర్ ఎప్పుడూ మూలుగుతూనే ఉండేది. ఇవాళ అర్ధరాత్రి కార్డు పోయినా ఫోన్లో బ్లాక్ అవుతోంది. అప్పుడైతే శనివారం సాయంత్రం పోతే సోమవారం దాకా దేవుడే దిక్కు.

మావయ్య: ప్రింటర్ సంగతి నిజమే. రిబ్బన్లు జోనల్ ఆఫీసు పంపితేగా?

అల్లుడు: చూశారా, మీరూ పైకే తోస్తున్నారు!

(రిబ్బన్ల మీద ఇంకో పావుగంట నడిచింది, వదిలేద్దాం. ఆ దెబ్బ మాత్రం అల్లుడిదే.)

మావయ్య: సరే, ఒప్పుకున్నా. కానీ ఇది చూడు. మీవాళ్లు నంబరు యాప్‌లో ఏ మూలో దాస్తారు. జనం గూగుల్లో వెతుకుతారు, దొంగ టోల్‌ఫ్రీ నంబరు దొరుకుతుంది. వాడు మొదటి రింగుకే ఎత్తుతాడు. శుభ్రంగా తెలుగులో మాట్లాడతాడు, ఓపిగ్గా వింటాడు, ఫోన్ పెట్టెయ్యమన్నా పెట్టడు. స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి ఖాతా ఊడ్చేస్తాడు. కస్టమర్ సర్వీసంటే ఇవాళ వాడిదేరా!

అల్లుడు: దానికి నా దగ్గర జవాబు లేదు. మరి ఏం చెయ్యాలి?

మావయ్య: కార్డు వెనకున్న నంబరుకే చెయ్యాలి. అదే రోజు ఈమెయిల్ కూడా కొట్టాలి: తేదీ, టైము, ఏటీఎం ఐడీ, మొత్తం, స్లిప్పు మీది 12 అంకెల ఆర్ఆర్ఎన్, అదే లావాదేవీ రిఫరెన్సు నంబరు. మూసేశామంటే లాగ్, క్యాష్ లెక్క చూపించమని మళ్లీ రాయాలి. కాదన్నా, 30 రోజులు జవాబు లేకపోయినా సీఎంఎస్ అనే రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్లో అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి, వెళ్లాలి. చాలామంది కోపంలో బ్యాంకుకి రాయకుండానే అక్కడ వేస్తారు, తీసుకోరు. లాయరు చేత వేయించినా అంతే.

అల్లుడు: రెండో తారీఖున కోత పడి, ఇరవై ఒకటిన డబ్బు వచ్చిందనుకోండి. ఎంతివ్వాలి?

మావయ్య: ఏడు దాకా గడువు. మిగిలింది 14 రోజులు, 1,400 రూపాయలు.

అల్లుడు: పదివేలు పడగానే జనం ఊరుకుంటారు మావయ్యా. ఆ రోజుకి వంద ఎవరైనా అడిగినా ఎక్కించడానికి మా లిస్టులో ఆ కేటగిరీయే లేదు.