పెట్టెలకు రోమ్ దర్శనం

హైదరాబాద్ మధ్యతరగతి ఇళ్ళలో ఈమధ్య ఒక తీవ్ర సమస్య తలెత్తింది. దీని మీద ఇంతవరకు ఏ ప్రభుత్వమూ కమిటీ వేయలేదు, ఏ ప్రతిపక్షమూ వాకౌట్ చేయలేదు. మధ్యధరా సముద్రంలో వారం రోజులు క్రూయిజ్ తిరిగాక, పొద్దున ఓడ దిగినప్పటి నుంచి రాత్రి విమానం ఎక్కేదాకా ఏం చేయాలన్నదే ఆ సమస్య. ఓడ కంపెనీ దీనికో పరిష్కారం అమ్ముతుంది. రేవులోనే బస్సెక్కించుకుని, రోమ్ చూపించి, సాయంత్రానికి ఫ్యుమిచీనో విమానాశ్రయంలో దించుతుంది. సామాను బస్సు డిక్కీలోనే ఉంటుంది. మనిషికి నూరు డాలర్ల పైమాటే. కొనాలా, వద్దా?

ఇలాంటి విషయాల్లో మనకు అనుభవం తక్కువ. లుంబినీ పార్కులో పడవెక్కి, హుస్సేన్ సాగర్ మధ్యలో బుద్ధుడికి దణ్ణం పెట్టి, ఎక్కిన చోటే దిగడం వరకే మన నౌకాయానం. దిగాక ఎటు పోవాలన్న మీమాంస అక్కడ లేదు. ఆటోవాడు గేటు దగ్గరే ఉంటాడు.

నేను దగ్గర నుంచి గమనించిన కేసు మా అక్కావాళ్ళది. బావగారు అకౌంట్స్ ఆఫీసరుగా రిటైరయ్యారు. ఓడలో కిటికీ గది చాలా, బాల్కనీ గది కావాలా అన్న ప్రశ్నను ఆయన టీ చల్లారేలోపు తేల్చేశారు, బాల్కనీకే ఓటేశారు. యూరప్ తిరగడానికి కావాల్సిన షెంజెన్ వీసా ఫీజు మనిషికి 90 యూరోలంటే ఒక నిట్టూర్పుతో సరిపెట్టారు. కార్డు మీద విదేశీ మారకం రుసుము, దాని మీద మళ్ళీ జీఎస్టీ పడినా నోరెత్తలేదు. ఇదంతా పెద్ద డబ్బు కాబట్టి ఆయనకు ఆనలేదు. చివరి రోజు టూరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం లోపలి ఆఫీసరు ఒళ్ళు విరుచుకుని లేచాడు. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ పుష్పక్ బస్సులో శంషాబాద్‌కి ఎన్నిసార్లు వెళ్ళి రావచ్చో లెక్క కట్టాడు. ఎందుకు వెళ్ళాలని ఎవరూ అడగలేదు.

భూగోళం సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఓడవాళ్ళు రోమ్ అని చెప్పే రేవు అసలు పేరు చివితావెక్కియా. రోమ్ అక్కడికి దాదాపు 80 కిలోమీటర్లు. మనల్ని జనగామలో దించి, ఇదిగో చార్మినార్ అనడం లాంటిది. పైగా వారం పాటు పేరు పెట్టి పలకరించినవాళ్ళే ఆ రోజు పొద్దున తొమ్మిదింటికల్లా మర్యాదగా బయటికి నెట్టేస్తారు. మధ్యాహ్నానికి అవే పరుపుల మీద కొత్త జనం పడుకోవాలి కదా. మనవాళ్ళ విమానమేమో రాత్రికి. ఎయిర్‌లైన్స్ కౌంటరు తెరిచేది దానికి మూడు గంటల ముందు. ఈ మధ్యలో పడిన పగలంతా పెట్టెలతో కాపురం.

బావగారు మొదట టూరు పక్షమే. ఆయన వాదన వినసొంపుగా ఉండేది: "ఓడవాళ్ళ టూరయితే భరోసా. బస్సు లేటయినా మనల్ని వదిలి ఓడ కదలదు." నిజమే, దారిలో ఆగే రేవుల్లో ఆ టూర్లకు అంత గిరాకీ ఉండటానికి అసలు కారణం అదే. సొంతంగా తిరగబోయి ఆలస్యమైనవాళ్ళు రేవులో నిలబడి, వెళ్ళిపోతున్న ఓడను చూస్తూ ఉండిపోతారు. కానీ ఇక్కడ మేనల్లుడు చిన్న సందేహం లేవనెత్తాడు. "డాడీ, ఆ రోజు మనం దిగిపోయాం కదా. ఇంక ఏ ఓడ ఆగాలి?"

హాల్లో ఫ్యాను చప్పుడు వినిపించింది. ఓడకు ఆ పూట మనతో పని తీరిపోయింది. ఆగాల్సింది విమానం, అది ఆగదు. ట్రాఫిక్‌లో బస్సు ఇరుక్కుంటే ఎవరు పూచీ అన్నది కొనేముందు షరతుల్లో వెతుక్కోవాల్సిన విషయం. ఆ షరతుల అక్షరాలు చదవడానికి బావగారు కళ్ళజోడు మార్చారు.

మేనల్లుడు ఎక్సెల్ తెరిచాడు. రేవు నుంచి బస్సులో గేటు దాకా, అక్కడి నుంచి స్టేషన్‌కి, ప్యాసింజర్ రైల్లో గంట పైచిలుకు ప్రయాణం చేసి రోమ్ ప్రధాన స్టేషన్ టెర్మినీకి. టిక్కెట్టు కొద్ది యూరోలే. స్టేషన్‌లో డబ్బు కట్టి సామాను దాచుకునే చోటుంది. రోజంతా తిరిగి, టెర్మినీలోనే లియొనార్డో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే 32 నిమిషాల్లో విమానాశ్రయం, మనిషికి 14 యూరోలు. టూరు ధరలో మూడో వంతు కూడా కాదు. పిల్లవాడు గర్వంగా తలెత్తాడు.

"అక్కడ కూలీలుంటారా?" అంది అక్క.

ఎక్సెల్‌లో ఆ గడి లేదు. మనుషులు నలుగురు, పెట్టెలు ఏడు. అందులో ఒకటి కేవలం ఫ్రిజ్ మాగ్నెట్లు, ఆలివ్ నూనె, ఓడలో డిస్కౌంటుకి కొనబోయే సెంటు సీసాల కోసం ఇక్కడి నుంచే ఖాళీగా వెళ్తోంది. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. రైలు మెట్ల ఎత్తెంతో మేనల్లుడు చెప్పలేకపోయాడు. దీనికి తోడు ఆఖరి రాత్రే పెట్టెలకు రంగు ట్యాగులు కట్టి గది బయట పెట్టేయాలని తెలిసింది. అక్క దిగులు రోమ్ వదిలి చీరల మీదికి మళ్ళింది. "పొద్దున కట్టుకునేది కూడా పెట్టెలోకి పోతే నైటీతో దిగాలా ఏమండీ?" ఆ ప్రశ్నకు ఓడ కంపెనీ వెబ్‌సైటులోనూ జవాబు లేదు.

మరి అన్ని డాలర్లకు టూరువాళ్ళు చూపించేదేమిటి? 2019 నుంచి రోమ్ నడిబొడ్డుకు పెద్ద టూరిస్టు బస్సులను రానివ్వడం లేదు. కాబట్టి దూరంగా దింపితే, రాళ్ళు పరిచిన వీధుల్లో, గొడుగెత్తి పట్టుకున్న గైడు వెనక నడవాలి. మావాళ్ళు వెబ్‌సైటులో చూసిన టూరులో కొలోసియంకి బయట నుంచే నమస్కారం, లోపలి టిక్కెట్టు లేదు. వాటికన్ మ్యూజియాలు నెలలో చివరిది తప్ప ఆదివారాలు తెరవరు, ఓడ ఆదివారం దిగితే ఆ గొడవా లేదు. ట్రెవీ ఫౌంటెన్‌లో నాణెం వేస్తే మళ్ళీ రోమ్ వస్తారంటారు. ఆ చిల్లర కారితాస్ అనే ధర్మసంస్థకు చేరుతుంది కాబట్టి పుణ్యం ఖాయం, పునర్దర్శనం సంగతి వీసా ఆఫీసరు దయ. భోజనం ఎవరి ఖర్చు వారిదే. ఈ మాట దగ్గర అత్తయ్యగారు జపమాల ఆపి చూశారు.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే, ఇది రోమ్ చూడటానికి కొనేది కాదు. రోమ్ మీద అంత మోజుంటే ఇంకో రాత్రి ఉండి, హోటల్లో పెట్టెలు పడేసి, తాపీగా తిరగాలి. బావగారి బాల్కనీ డబ్బులో అది హాయిగా వచ్చేది, ఈ మాట ఆయన ముందు అనే ధైర్యం నాకు లేదు. ఈ టూరులో కంపెనీ అమ్మేది పగటిపూట ఏడు పెట్టెలకు కాపలా, మోకాళ్ళకు సీటు. రోమ్ కొసరు. ధరను నలుగురు మనుషులతో భాగిస్తే కడుపు మండుతుంది, ఏడు పెట్టెలతో భాగిస్తే సబబుగానే తోస్తుంది. వీపు సంచీతో తిరిగే కుర్రవాళ్ళు మాత్రం దీని జోలికి పోకుండా రైలెక్కడం మేలు.

బావగారు మొత్తానికి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశారు. స్పీకర్ ఆన్ చేసి, గొంతు సవరించుకుని, ఆఫీసులో ఫైలు మీద నోట్ రాయించినట్టే అడిగారు: "అమ్మా, టూరుకి మా పెట్టెల్ని మాత్రం పంపించి, మేం రైల్లో వెళ్ళే టిక్కెట్టేమైనా ఉందా? పెట్టెలకు గైడు అక్కర్లేదు."

ఆ అమ్మాయి పైవాళ్ళని కనుక్కుని చెబుతానంది. హోల్డ్‌లో సంగీతం బాగుంది.