కొత్త కారు నాన్నకి, పాత కారు పిల్లాడికి: ఈ లెక్కే తప్పు

బీటెక్‌లో చేరిన పిల్లలకి కారు ఇవ్వాలా వద్దా అన్న చర్చ చాలా ఇళ్లలో ఎప్పుడో ముగిసిపోయింది. ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మొయినాబాద్ వైపు కాలేజీల ముందు బైకుల పక్కన కార్లూ వరుస కడుతున్నాయి. ఇక మిగిలింది ఏ కారు అన్నదే. దానికీ జవాబు రెడీగానే ఉంటుంది. నాన్న కొత్త ఎస్‌యూవీ తీసుకుంటాడు, పదేళ్లనాటి ఆల్టోనో వ్యాగన్ఆర్‌నో పిల్లాడి చేతికి వస్తుంది. "చెయ్యి తిరిగేదాకా ఇది చాలు నాన్నా, ఎక్కడ గీకినా బాధుండదు."

గీతల సంగతి వరకు ఈ లెక్క కరెక్టే. ప్రాణం సంగతికొచ్చేసరికి తలకిందులవుతుంది. ఇంట్లో అందరికన్నా తక్కువ అనుభవం ఉన్న మనిషికి అందరికన్నా తక్కువ రక్షణ ఉన్న బండి ఇస్తున్నాం. ఇరవై ఏళ్లుగా స్టీరింగ్ పట్టిన ఆయనేమో ఆరు ఎయిర్‌బ్యాగుల మధ్య కూర్చుంటున్నాడు.

గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ మన దేశంలో కార్లకి తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అదే ఏడాది జూలై నుంచి. పక్క సీటుకి కూడా అన్ని మోడళ్లలో రావడానికి 2021 చివరిదాకా పట్టింది. 2014, 15 ప్రాంతాల్లో కొన్న బేసిక్ మోడల్ చిన్నకారులో ఈ మూడూ లేకపోయే అవకాశమే ఎక్కువ. వానలో ఉన్నట్టుండి కుక్క అడ్డమొస్తే కొత్త డ్రైవరు చేసే మొదటి పని బ్రేకు మీద నిలబడటం. ఏబీఎస్ లేని బండిలో అప్పుడు చక్రాలు బిగుసుకుపోతాయి. స్టీరింగ్ ఎటు తిప్పినా బండి నేరుగా జారుతూ పోతుంది. చెయ్యి తిరిగినవాళ్లకి అలాంటప్పుడు బ్రేకు కాస్త వదిలి మళ్లీ తొక్కడం అలవాటై ఉంటుంది. మొన్ననే లైసెన్సు తెచ్చుకున్న కుర్రాడికి అది ఎక్కణ్నుంచి వస్తుంది? ఏబీఎస్ లేకుండా నెట్టుకురాగలిగేది నాన్నే గానీ పిల్లాడు కాదు.

2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన మార్కెట్ కార్లను తొలిసారి గుద్ది చూసినప్పుడు, ఎయిర్‌బ్యాగులు లేని ఫోక్స్‌వాగన్ పోలోకి పెద్దల రక్షణలో ఐదుకి సున్నా స్టార్లు వచ్చాయి. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోని గుద్దితే నాలుగు వచ్చాయి.

కాబట్టి కొత్త కారు కొన్న ఇంట్లో పాతది నాన్న ఆఫీసుకి తీసుకెళ్లాలి, పిల్లలు కొత్తది నడపాలి. నవ్వొస్తుందని తెలుసు. ఇక్కడ అడ్డమొచ్చేది డబ్బు కాదు, పరువు. ఆఫీసు పార్కింగులో అందరి ముందూ ఆల్టోలోంచి దిగడానికి మనకి మొహమాటం. పెళ్లిళ్లకీ ఊళ్లకీ కొత్తదే తీసుకెళ్లండి, ఎవరు వద్దన్నారు? రోజూ కాలేజీకి, రాత్రిపూట స్నేహితుల దగ్గరికి పిల్లలు వేసుకెళ్లే బండి గురించే ఈ మాట.

"కొత్త బండి ఇస్తే ఆగుతాడా?" అన్న భయం ఉట్టిది కాదు. 2017 మేలో అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి ఒకరి కుమారుడు, అతని స్నేహితుడు వెళ్తున్న బెంజ్ తెల్లవారుజామున జూబ్లీహిల్స్‌లో మెట్రో పిల్లర్‌ను ఢీకొంది. ఇద్దరూ చనిపోయారు. ఆ కారులో సేఫ్టీకి కొదవేం లేదు. 2024 మేలో పుణెలో ఒక పోర్షే ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు బలయ్యారు. పోలీసుల కేసు ప్రకారం దాన్ని నడిపింది పదిహేడేళ్ల కుర్రాడు. స్టార్లు ఇచ్చే ముందు కారును ఎదురుగా గుద్దించి చూసేది గంటకి 64 కిలోమీటర్ల వేగంతో. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీద మొదటి రెండు లేన్లలో అనుమతించిన వేగమే 120. ఆ వేగంలో ఐదు స్టార్ల బండి కూడా హామీ ఇవ్వలేదు.

అందుకే ఎయిర్‌బ్యాగులు లెక్కపెట్టాక బానెట్ కింద ఏముందో కూడా చూడాలి. హ్యుందాయ్ వెన్యూనే తీసుకోండి. 2019లో వచ్చిన ఆ మోడల్ 1.2 లీటర్ ఇంజిన్‌తో 83 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) ఇస్తే, 1.0 లీటర్ టర్బోతో 120 ఇచ్చింది. షోరూంలో సేల్స్ కుర్రాడు టర్బో వైపే లాగుతాడు, మనవాడి కళ్లూ అక్కడే ఉంటాయి. పద్దెనిమిదేళ్లవాడికి 83 ధారాళంగా సరిపోతుంది. 2018 డిసెంబరులో మన దేశంలో తొలి ఐదు స్టార్ల కారుగా నిలిచిన టాటా నెక్సాన్‌లో పెట్రోల్ కావాలంటే టర్బో తప్ప దారి లేదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో అడిగితే నేను టాటా ఆల్ట్రోజ్ అంటాను. 2020లో పెద్దల రక్షణకు ఐదు స్టార్లు తెచ్చుకుంది, మామూలు పెట్రోల్ ఇంజిన్ 86 పీఎస్. అప్పటి పరీక్షకన్నా ఇప్పటిది కఠినం కాబట్టి ఆనాటి ఐదూ 2023 అక్టోబరులో మొదలైన మన దేశపు సొంత పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ ఇస్తున్న ఐదూ ఒకటి కాదు. అయినా సున్నాకీ ఐదుకీ మధ్య తేడా తేడానే.

అమెరికాలో ఐఐహెచ్‌ఎస్ అనే రోడ్డు భద్రత సంస్థ, కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రికతో కలిసి టీనేజర్లకి తగిన కార్ల జాబితా ఇస్తుంది. పవర్ మరీ ఎక్కువున్నవి అందులో ఉండవు. సుమారు 1,250 కిలోల లోపు బరువున్నవీ ఉండవు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పదహారు, పదిహేడేళ్ల పిల్లలకి కారు వెతుకుతున్న మనవాళ్లకి అది నేరుగా పనికొస్తుంది. ఇక్కడ అదే గీత గీస్తే మన హ్యాచ్‌బ్యాకులు దాదాపు అన్నీ బయటికి పోతాయి, స్విఫ్ట్ బరువే టన్నులోపు. మనం తీసుకోవాల్సింది ఆ పద్ధతిని: పిల్లల కారుకి పెట్టాల్సిన రూలు వేరని ఒప్పుకోవడం.

కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. అలాంటప్పుడు ఇంట్లో పాతది అమ్మేసి, మూడు నాలుగేళ్లు వాడినది చూడటం మేలు. చిక్కంతా అక్కడే. ఆటో కన్సల్టెన్సీకి వెళ్తే "డాక్టర్ గారి బండి సార్, సింగిల్ ఓనర్, షోరూం ట్రాక్" అంటారు. రాష్ట్రంలో ఇంతమంది డాక్టర్లు ఇన్ని కార్లు ఎప్పుడు అమ్ముతున్నారో తెలీదు. షోరూం ట్రాక్, అంటే సర్వీసులన్నీ కంపెనీ సెంటర్‌లోనే జరిగాయన్న మాట, నిజమైతే నంబరు చెప్పి సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ తీయించండి, మీటరు వెనక్కి తిప్పారా లేదా అక్కడే తేలిపోతుంది. మోడల్ పేరు చూసి ఆగిపోవద్దు, వేరియంట్ చూడాలి. 2019కి ముందు బండ్లలో ఒకే పేరు మీద పైదానికి ఎయిర్‌బ్యాగులుండేవి, కిందిదానికి ఉండేవి కావు.

ఉన్నాయన్నవి పనిచేస్తున్నాయా? తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మీటర్ల వైపు చూడండి. ఎయిర్‌బ్యాగ్ బొమ్మ వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే లేదంటే ఇంకా అనుమానించాలి. యాక్సిడెంట్‌లో తెరుచుకున్న బ్యాగు మార్చకుండా, ఆ లైటు మాత్రం తీసేసి అమ్మే ఘనులున్నారు.

ఇంకోటి నీళ్లు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం. నానిన బండ్లన్నీ తుక్కుకి పోవు. కడిగి, పాలిష్ పట్టి ఇంకో ఊళ్లో అమ్మకానికి పెట్టడం ఈ వ్యాపారంలో మామూలే. నీళ్లు తాగిన వైరింగ్ మీద ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు ఏ రోజు మొరాయిస్తాయో ఎవరూ చెప్పలేరు. సీటుబెల్టును చివరిదాకా లాగి చూడండి. బయటికి కనిపించేంత మేర షాంపూతో తోమేస్తారు గానీ, పిల్లర్ లోపల చుట్టుకుని ఉండే చివరి మూర జోలికి పోరు. అక్కడ బురద చార కనిపిస్తే ఇంకేం మాట్లాడకుండా లేచి వచ్చేయొచ్చు. సీటు కింద పట్టాల తుప్పు, డిక్కీలో స్టెప్నీ గుంట కూడా చూడాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 3519 అంటే 2019లో 35వ వారం తయారీ. అరగకపోయినా అంత పాత టైరు మార్చాల్సిందే.

పిల్లలు వీటిలో ఏదీ అడగరు. సన్‌రూఫ్ అడుగుతారు. దాన్లోంచి తల బయటపెట్టి రీల్స్ తీసే అలవాటు చూశాక, అది లేని వేరియంట్ కొంటే డబ్బూ మిగులుతుంది, టెన్షనూ తగ్గుతుంది. అమ్మాయికి ఆటోమేటిక్, అబ్బాయికి గేర్లు అన్న తేడా ఎందుకో మాత్రం నాకు అర్థం కాదు. కొత్తవాళ్లెవరైనా క్లచ్ మీద పెట్టే ధ్యాస రోడ్డు మీద పెట్టొచ్చు కాబట్టి సిటీలో ఆటోమేటిక్ ఇద్దరికీ మంచిదే.

కారు కన్నా ముందు లైసెన్సు. పద్దెనిమిది నిండకుండా తాళాలిస్తే, 2019 సవరణతో వచ్చిన మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకో ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. నిండాక మాత్రం చట్టం ఒక్కసారిగా చేతులు దులుపుకుంటుంది. లెర్నర్స్ తీసుకున్న ముప్పై రోజులకి ఆర్టీఏ ట్రాక్ మీద హెచ్ తిప్పి చూపిస్తే అర్ధరాత్రి హైవే మీద నలుగురు స్నేహితులతో వెళ్లడానికి కూడా అర్హత వచ్చేసినట్టే. అమెరికాలో చాలా రాష్ట్రాలు కొత్త టీనేజ్ డ్రైవర్లకి రాత్రి వేళల్లో, తోటి పిల్లల్ని ఎక్కించుకోవడంలో ఆంక్షలు పెడతాయి. మన చట్టంలో అది లేదు కాబట్టి మొదటి ఏడాది ఆ రూలు ఇంట్లోనే పెట్టుకోవాలి: రాత్రి పది దాటాక వద్దు, బండిలో ఒక్కరికి మించి స్నేహితులు వద్దు, హైవే అయితే పక్కన పెద్దవాళ్లుండాలి.

చివరిగా కారు ఎవరి పేరు మీద ఉండాలన్నది. ఒకే పేరు మీద రెండో కారైతే లైఫ్ ట్యాక్స్ పెరుగుతుందని కొందరు పిల్లల పేరున రాయిస్తుంటారు. ట్యాక్స్ సంగతి పక్కనపెట్టినా అది మంచి పనే. ఇన్సూరెన్స్‌లో ఓనర్ డ్రైవర్‌కి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా లైసెన్సున్న ఓనర్‌కే వర్తిస్తుంది. కారు నాన్న పేరు మీద ఉండి పిల్లాడు నడుపుతుంటే, ఆ 15 లక్షలు పిల్లాడికి రావు. అతనికి విడిగా కవర్ తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసేటప్పుడు దానికి ఒక గడి ఉంటుంది, ప్రీమియం తగ్గించుకునే తొందరలో దాన్ని చూడకుండా దాటేస్తుంటాం.