ప్రొఫెసర్ గారి భార్య

1976లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు జూలియా రాబిన్సన్ ఎన్నికయ్యారు. మహిళా గణితవేత్తల్లో ఆమే మొదటివారు. ఎవరీవిడ అని కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో పత్రికలకు వార్తలిచ్చే ఆఫీసు వాళ్లు మ్యాథ్స్ డిపార్ట్‌మెంటుకు ఫోన్ చేస్తే, మా ప్రొఫెసర్ రాబిన్సన్ గారి భార్య అని జవాబొచ్చిందట. ఆమె అక్కడే పీహెచ్‌డీ పూర్తి చేసి అప్పటికి 28 ఏళ్లు!

భార్యాభర్తలు ఒకే డిపార్ట్‌మెంటులో ఉద్యోగం చేయకూడదని అప్పట్లో రూలు. తనకు నంబర్ థియరీ (పూర్ణాంకాల గణితం) చెప్పిన రాఫేల్ రాబిన్సన్‌ను 1941లో పెళ్లాడారు కాబట్టి ఆ రూలు ఆమె నెత్తిన పడింది, ఆయన ఉద్యోగానికి మాత్రం ఢోకా లేదు. స్టాటిస్టిక్స్ ల్యాబ్‌లో ఓ చిన్న ఉద్యోగం కోసం రోజూ ఏం చేస్తారో రాసివ్వమంటే, సోమవారం నుంచి గురువారం దాకా 'సిద్ధాంతం నిరూపించే ప్రయత్నం', శుక్రవారం 'సిద్ధాంతం తప్పు' అని రాసిచ్చారట. ఎగతాళిలా ఉన్నా పరిశోధన నిజంగా నడిచేది అలాగే.

ఆమెను పట్టుకున్నది జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ 1900లో ఇచ్చిన తేలని సమస్యల జాబితాలో పదో ప్రశ్న: పూర్ణాంకాల గుణకాలున్న ఏ బహుపది సమీకరణం (x² + y² = z² లాంటిది) ఇచ్చినా, దానికి పూర్ణాంకాల్లో సాధన ఉందో లేదో తేల్చే పద్ధతి ఉందా? 1961లో మార్టిన్ డేవిస్, హిలరీ పుట్నమ్‌లతో కలిసి, ఘాతంలో కూడా చలరాశి ఉండే (2ˣ లాంటివి వచ్చే) సమీకరణాలకైతే అలాంటి పద్ధతి అసాధ్యమని నిరూపించారు. మిగిలింది ఒక్క మెట్టు. సాధనలు ఘాతీయ వేగంతో (2, 4, 8, 16 లాగా రెట్టింపవుతూ) పెరిగే మామూలు బహుపది సమీకరణం ఒకటి దొరికితే చాలని ఆమె ముందే ఊహించి చెప్పారు. 1970లో లెనిన్‌గ్రాడ్‌కు చెందిన 22 ఏళ్ల మతియసేవిచ్ ఫిబొనాచ్చి సంఖ్యలతో (1, 1, 2, 3, 5, 8... ముందు రెండూ కూడితే తర్వాతది) సరిగ్గా అలాంటిదే పట్టుకున్నాడు, దాంతో ఆ ప్రశ్నకు 'లేదు' అని జవాబు తేలిపోయింది. నేను ఊహించేనాటికి నువ్వు పసివాడివి, నువ్వు పెద్దయ్యేదాకా ఆగితే సరిపోయిందన్నమాట అని ఆమె సంతోషంగా ఉత్తరం రాశారు. ఆ మంచితనాన్ని అందరూ మెచ్చుకుంటారు, ఆ మెప్పులో, అన్నాళ్లూ ఆమెకు ప్రొఫెసర్ పోస్టు ఇవ్వని యూనివర్సిటీ తప్పించుకుపోతుంది.

ఆరోగ్యం సహకరించలేదు కదా అనొచ్చు. నిజమే, చిన్నప్పటి రుమాటిక్ ఫీవర్ ఆమె గుండెను దెబ్బతీసింది, 1961లో ఆపరేషన్ కూడా అయింది. అకాడమీ గుర్తించాక ప్రొఫెసర్ పోస్టు ఇస్తే ఆమె తీసుకున్నది పావు వంతు పనే. అంటే, పనిభారం తగ్గించి పూర్తి హోదా ఇవ్వడానికి దారి ఉంది. కావాలనుకుంటే ఆ దారి 1961 పేపరు వచ్చినప్పుడే కనబడేది.