గీత ఉంటే గీతలు పడవు

గ్యారేజీ అనే మాట తెలుగులోకి వచ్చి అర్థం మార్చుకుంది. విశాఖలో ఎవరిని అడిగినా గ్యారేజీ అంటే బండి బాగుచేసే షెడ్డు అనో, ఆర్టీసీ బస్సులు మరమ్మతు చేసే చోటు అనో చెబుతారు. ఇంట్లో కారు పెట్టుకునే చోటును సొంత ఇల్లయితే పోర్టికో అంటాం, అపార్ట్‌మెంటయితే సెల్లార్ అంటాం. సెల్లార్ అన్నామే గాని చాలాచోట్ల అది నేల కింద ఉండదు. స్తంభాల మీద నిలబెట్టిన భవనం అడుగున, పక్కల నుంచి గాలి ఆడే ఖాళీ అది. ఈ పేర్ల గొడవ ఎందుకంటే, కారును సరిగ్గా పెట్టడానికి ఇంటర్నెట్‌లో దొరికే చిట్కాలు చాలావరకు నాలుగు గోడలు, ఒక షట్టర్ ఉన్న గదిని ఊహించుకుని పుట్టినవి. వాటిని యథాతథంగా తెచ్చుకుంటే మన దగ్గర నిలవవు.

వాటిలో టెన్నిస్ బంతి చిట్కా అందరికీ తెలిసినదే. కారును ఆగాల్సిన చోట ఆపి, పైకప్పు నుంచి దారం కట్టి బంతిని ముందు అద్దానికి తగిలేలా వేలాడదీస్తారు. మర్నాటి నుంచి బంతి అద్దాన్ని ముట్టుకోగానే బ్రేకు వేయాలి. మూసిన గదిలో ఇంతకంటే తేలికైన ఉపాయం లేదు. ఎం.వి.పి. కాలనీలోని మా అపార్ట్‌మెంటులో ఒకాయన దీన్ని ప్రయత్నించారు. సాయంత్రం సముద్రపు గాలి మొదలయ్యేసరికి బంతి ఊయల ఊగడం మొదలుపెట్టింది. ఏ ఊపు దగ్గర బ్రేకు వేయాలో ఆయనకే అర్థం కాలేదు. మూడో రోజుకు దారం మాత్రమే మిగిలింది. బంతి వెనక సందులో క్రికెట్ ఆడుతున్న పిల్లల దగ్గర కనిపించింది.

బంతి పోయినా దానిలోని ఆలోచన మంచిదే. కారు ఎక్కడ ఆగాలో ఒక్కసారి తీరుబడిగా నిర్ణయించి, ఆ సంగతి ఆ చోటు మీదే రాసిపెట్టడం. మనం చేసేది దీనికి పూర్తిగా తలకిందులు. ప్రతి రాత్రీ అలసిపోయి వచ్చి, మసక వెలుతురులో, స్తంభానికి బండికి మధ్య ఎంత ఉందో కొత్తగా అంచనా వేస్తాం. ఏడాదిలో మూడు వందల సార్లు చేసే అంచనాలో ఒకటి తప్పడం సహజం. నా కారు ఎడమ తలుపు మీద జానెడు గీత అలా తప్పిన ఒక్క అంచనా పుణ్యమే.

పైగా కార్లు లావెక్కాయి. మారుతి 800 వెడల్పు 1.44 మీటర్లు. ఇప్పటి స్విఫ్ట్ సుమారు 1.73, క్రెటా 1.79. వీటిలో పక్క అద్దాల లెక్క లేదు. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. అప్పటి నుంచి కంపెనీలు పొడవును గట్టిగా బిగపట్టుకున్నాయి. వెడల్పుకు అలాంటి కళ్లెం లేదు. రెండు స్తంభాల మధ్య 2.4 మీటర్లు ఉందనుకోండి. మారుతి 800కు రెండు పక్కలా కలిపి 96 సెంటీమీటర్లు మిగిలేవి. క్రెటాకు 61 మిగులుతాయి. దాన్ని చెరిసగం పంచితే డ్రైవర్ తలుపు వైపు ఒక అడుగు దక్కుతుంది. అడుగు సందులోంచి దిగడం పెద్దవాళ్ల వల్ల అయ్యే పని కాదు. కొనేముందు బిల్డరు చూపించే ప్లాన్‌లో కొలత స్తంభం మధ్య నుంచి మధ్యకు ఉండవచ్చు. స్తంభం మందం మన కారుకు పనికిరాదు కాబట్టి, టేపు పట్టుకుని ఒక స్తంభం లోపలి అంచు నుంచి రెండో స్తంభం లోపలి అంచుకు కొలుచుకోవాలి.

అందుకే కారును సరిగ్గా మధ్యలో పెట్టాలనే పట్టుదల వదిలేయాలి. మన స్టీరింగ్ కుడివైపు. ఎడమ స్తంభానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఆపగలిగితే మిగతా జాగా అంతా డ్రైవర్ తలుపుకే వస్తుంది. ఎడమ పక్క కూర్చున్నవాళ్లు ముందే దిగిపోతారు. చిక్కల్లా, మనకు సరిగ్గా కనిపించనిది ఆ ఎడమ పక్కే. గుర్తు కావాల్సింది కూడా అక్కడే.

మా ఇంట్లో ఈ గుర్తు పెట్టించింది అమ్మ. తలుపు మీద గీత చూసి, "రోజూ ఆ తిప్పలెందుకురా? కారు సరిగ్గా పెట్టిన రోజున చక్రం పక్కన గీత గీసుకో, రేపటి నుంచి దాని మీదికే తీసుకురా" అంది. ముగ్గు డబ్బా తెచ్చి తానే గీసింది. ఎడమ చక్రాల బయటి అంచు వెంట తిన్నగా, కారు ముందుకు ఇంకో రెండు మీటర్లు సాగదీసింది. నాకు అప్పుడు చాదస్తంగా అనిపించిన ఆ సాగదీతే తర్వాత అసలు కీలకమైంది. స్లాటులోకి దూరాక గీత చూసుకుంటే సరిచేసుకునే వ్యవధి ఉండదు. బయటి నుంచే గీత పట్టుకుంటే కారు దానంతట అదే తిన్నగా వెళుతుంది. వారం రోజులు ముగ్గుతో సరిచూసుకుని, తర్వాత పసుపు రంగు వేయించాను. ఎడమ అద్దాన్ని కొద్దిగా కిందికి వంచితే వెనక చక్రం, గీత రెండూ ఒకే చోట కనిపిస్తాయి.

ఇరుకులో రివర్స్‌లో పెట్టడమే మేలు. ముందుకు దూరిస్తే వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, మలుపు లోపలి వైపుకు కోసుకొస్తాయి. వెనక తలుపు స్తంభానికి రాసుకునేది అప్పుడే. వెనక్కి వెళితే వెనక చక్రాలు ముందు లోపలికి చేరతాయి, ముక్కును బయటి ఖాళీలో తిప్పుకోవచ్చు.

ఎక్కడ ఆగాలన్నదానికి రెండు ఇటుకలు చాలు. కారును సరైన చోట నిలిపి, వెనక చక్రాల వెనక ఆనించి పెట్టి, సిమెంటుతో అతికించాలి. ఎత్తు నాలుగు అంగుళాలు మించితే బంపరుకు తగలవచ్చు. అడ్డంగా ఒకే పొడుగు దిమ్మ కట్టిస్తే నేల కడిగిన నీళ్లు నిలుస్తాయి, చీకట్లో కాలికి తగులుతుంది. బజారులో దొరికే ఇనుప స్టాపర్లు చూడడానికి బాగుంటాయి గాని, ఈ ఊరి ఉప్పుగాలికి వాటి బోల్టులు తొందరగానే తుప్పు పడతాయి. నేను ఇటుకలకు బదులు గ్రానైటు ముక్కలు పెట్టుకున్నాను. ఎవరి ఇంటి వంటగది గట్టు నుంచో మిగిలినవి.

సెన్సర్లు ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. 2019 జూలై 1 నుంచి కొత్త కార్లలో రివర్స్ సెన్సర్ తప్పనిసరి. మంచి నిబంధనే. కానీ అది వెనక అడ్డం ఉందని చెబుతుంది, చోటు ఇదేనని చెప్పదు. చివరి అడుగు దగ్గర చాలా కార్లలో ఆ చప్పుడు ఏకబిగిన మోగుతుంది. ఇరుకు స్లాటులో మనకు కావాల్సిన కొలత అంతా ఆ అడుగులోనే ఉంటుంది. పక్క స్తంభం సంగతి దానికి పట్టదు. ఇక వాచ్‌మన్ సాయం. "రానివ్వండి సార్, రానివ్వండి, రానివ్వండి..." అంటాడు. టప్‌మని చప్పుడు వచ్చాక "చాలు సార్" అంటాడు. అతన్ని తప్పుపట్టను. కారు వెనక నిలబడ్డవాడికి ఎడమ పక్క సందు ఎలా తెలుస్తుంది?

పోర్టికో ఇళ్లలో ఇంకో సంగతి. చాలా ఇళ్లలో నీళ్ల సంపు పోర్టికో కిందే ఉంటుంది. మూత మీద రోజూ చక్రం నిలిస్తే ఏదో ఒక రోజు అది పగులుతుంది. గీత గీసేటప్పుడే మూత రెండు చక్రాల మధ్యకు వచ్చేలా చూసుకోవాలి. కొండవాలు వీధుల్లో గేటు దగ్గర ర్యాంపు నిటారుగా ఉంటుంది కాబట్టి, ఊపుగా ఎక్కిన కారు ఇటుకను దాటేయవచ్చు. ర్యాంపు మీదే ఒకసారి పూర్తిగా ఆగి, తర్వాత మెల్లగా లోపలికి పోనివ్వాలి. నిలిపిన చోటు కూడా వాలుగా ఉంటే ఇటుక ఉంది కదా అని హ్యాండ్‌బ్రేకు మరవకూడదు.

మొన్న మా తమ్ముడు పెద్ద కారు కొని, నాలుగు రోజులు మా స్లాటులో పెట్టుకుంటానన్నాడు. గ్రానైటు ముక్కలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. అతని కారు వెనక చక్రాలు వాటికి ఆనేసరికి ముక్కు జానెడు దారిలోకి వచ్చింది. అమ్మ మళ్లీ ముగ్గు డబ్బా కోసం లోపలికి వెళ్లింది.