ఇద్దరు కలెక్టర్లుండే రోజుల్లో

గోదారికి మావాళ్ళం చేసిన ద్రోహం ఏదైనా ఉందంటే, 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు నోరెత్తకుండా కూర్చోవడమే. అంతకుముందు ఈ గట్టున మా రాజమండ్రి తూర్పు గోదావరి, ఆ గట్టున కొవ్వూరు పశ్చిమ గోదావరి. ఈ గట్టు ఫైలు కాకినాడ వెళ్ళేది, ఆ గట్టు ఫైలు ఏలూరు వెళ్ళేది. రెండూ దారిలో ఎక్కడా ఎదురుపడేవి కావు. ఏ పని ఎందుకు కాలేదని ఎవరడిగినా "అవతలి జిల్లావాళ్ళు కలిసిరావాలి కదండీ" అంటే సరిపోయేది. నదికి రెండు ఒడ్లుండటం ప్రకృతి ధర్మం, ఒడ్డుకో కలెక్టరుండటం పాలనా ధర్మం. ఆ రెండో ధర్మాన్ని ఒక్క నోటిఫికేషన్‌తో ఎత్తేశారు. ఇప్పుడు రెండు గట్లూ ఒకే తూర్పు గోదావరి జిల్లా, కలెక్టరు ఒక్కరే. తాతల నాటి నుంచి వాడుకుంటున్న సాకు కళ్ళముందే మునిగిపోతే, ముంపు పరిహారం కింద ఒక్క రూపాయి ఇచ్చినవాడు లేడు.

అయినా మరీ బెంగపడక్కర్లేదు. జిల్లా ఒకటైంది గానీ నది ఇంకా ఒకటి కాలేదు. నీళ్ళు ఇరిగేషన్‌వాళ్ళవి, ఇసుక గనుల శాఖవాళ్ళది, లంకలు రెవెన్యూవాళ్ళవి, పులస మత్స్యశాఖవాళ్ళది (కూర మాత్రం కొనగలిగినవాళ్ళది), రేవులో చెత్త మున్సిపాలిటీవాళ్ళది. ధవళేశ్వరం దిగువన గోదారి ఏడు పాయలుగా చీలి, సప్తర్షుల పేర్లతో సముద్రంలో కలుస్తుందని పెద్దలు చెబుతారు. శాఖలు మాత్రం అంతదాకా ఆగలేదు, ఎగువనే చీలిపోయాయి.

ఇక స్థానిక ప్రభుత్వాల సహకారం సంగతి. 2021లో కొవ్వూరు మున్సిపాలిటీకి ఎన్నికలు జరిగాయి, రాజమండ్రి కార్పొరేషన్‌కి జరగలేదు. అంటే ఆ కొవ్వూరు పాలకవర్గం నది విషయం మాట్లాడాలనుకున్నా ఇటు కూర్చుని వినడానికి మేయరే లేకపోయాడు. దీన్ని లోపం అనేవాళ్ళకి పాలన గురించి తెలియదు. ఇద్దరు కూర్చుంటే అభిప్రాయభేదాలొస్తాయి. ఒక్కరే కూర్చుంటే తీర్మానం ఏకగ్రీవం.

ఇప్పుడు హేవలాక్ వంతెన, గోదారి మీది పాత రైలు వంతెన. 1897 నవంబరులో పని మొదలైంది, 1900 ఆగస్టులో రైళ్ళకు తెరిచారు. 56 స్పాన్లు, పొడవు రెండున్నర కిలోమీటర్ల పైమాటే. కంప్యూటర్ లేదు, పవర్‌పాయింట్ లేదు, మధ్యలో వరదలొకటి. అయినా మూడేళ్ళలోపే గట్టు దాటించారు. సుమారు 97 ఏళ్ళు మద్రాసు మెయిళ్ళను మోసి, 1997లో అది రిటైరైంది. అప్పటినుంచి దాన్ని ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నాం. నడక దారన్నారు, తోటలన్నారు, తినుబండారాల కొట్లన్నారు. మధ్యలో పాత ఇనుము కింద అమ్మేస్తారన్న మాట పుడితే ఊరంతా గగ్గోలు పెట్టింది. కట్టడానికి మూడేళ్ళు, ఆలోచించడానికి పాతికేళ్ళ పైన. దీన్ని ఆలస్యం అనకండి, దూరదృష్టి అనండి. నన్నడిగితే అసలు దోషం కట్టినవాళ్ళదే. ఒక చివర రాజమండ్రిలో, ఇంకో చివర కొవ్వూరులో పెట్టారు. రెండు చివర్లూ ఒకే ఊళ్ళో ఉండేలా కట్టి ఉంటే ఈపాటికి ఎప్పుడో బాగుపడేది.

2025 జూన్‌లో అఖండ గోదావరి అనే పర్యాటక ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది. 94 కోట్ల పైచిలుకు. అందులో పాత వంతెన ఉంది, పుష్కర ఘాట్ ఉంది, కడియం నర్సరీలున్నాయి, అటువైపు నిడదవోలు కోట సత్తెమ్మ గుడీ ఉంది. రెండు గట్లనీ ఒకే కాగితం మీద చూసి మావాళ్ళు కాసేపు తేరుకోలేకపోయారు. కాగితం మీద గోదారి ఎప్పుడూ అఖండమే లెండి. 2027లో పుష్కరాలున్నాయి కాబట్టి పని కూడా అవుతుందని నాకు నమ్మకం. మా ఊళ్ళో ఏ పనికైనా పుష్కరమే గడువు, దాటితే మళ్ళీ పన్నెండేళ్ళు ఆగాలి. 2015 పుష్కరాల మొదటిరోజు పొద్దున పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా పోయారు. ఆ మెట్లమీద నిలబడితే నాకు వెటకారం రాదు. అంచేత ఆ మెట్ల సంగతి వదిలేసి పక్కకి నడుస్తాను.

పక్కకి నడిస్తే తగిలేది మురుగు. ఊళ్ళో స్నానాలు చేసిన నీళ్ళు, అంట్లు కడిగిన నీళ్ళు, ఇంకా చెప్పకూడని నీళ్ళు కాలవలు పట్టుకుని గోదాట్లోకి దిగుతాయి. దిగేది ధవళేశ్వరం ఆనకట్టకి ఎగువన. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా ముగించిన ఏర్పాటు పుణ్యమాని, ఆ నీళ్ళే కాలవలెక్కి డెల్టా ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నింపుతాయి. కోనసీమతో ఇంతకన్నా సన్నిహిత సహకారం ఇంకేం కావాలి! మాది అని ఏదీ దాచుకోకుండా చివరి పంచాయితీ దాకా పంచుతున్నాం.

మొన్న సాయంత్రం హారతి వేళ గట్టుమీద కూర్చున్నాను. పక్కన కొవ్వూరు నుంచి వచ్చిన మేస్టారు, రిటైరై చాలాకాలమైంది. ఇంతలో కొత్త కారొకటి ఆగింది. తెల్లపంచెలో ఒకాయన దిగి, ముడేసిన పాలిథిన్ కవరొకటి కళ్ళకద్దుకుని నీళ్ళలోకి గిరాటేశాడు. కవర్లోంచి చీకిపోయిన బంతిపూలు, అద్దం పగిలిన వెంకటేశ్వరస్వామి పటం మూల కనిపిస్తున్నాయి.

"ఏవండీ, కవరైనా విప్పి వెయ్యకూడదా?" అన్నాను.

"విప్పితే అపచారం కదండీ. మూటగా ఉంటే మూటగానే తల్లికి చేరుద్ది," అన్నాడాయన, మహా మర్యాదగా. మళ్ళీ చేతులు జోడించి హారతి పూర్తయ్యేదాకా కళ్ళు మూసుకునే నిలబడ్డాడు. కవరు మాత్రం మునగలేదు. దీపాల వెలుగులో ఊగుతూ మెట్టు దగ్గరే తచ్చాడుతోంది.

"అది మా గోష్పాదం రేవుకే వస్తుందండీ, నాకు తెలుసు," అన్నారు మేస్టారు.

"గోదారి అడ్డంగా ప్రవహించదు మేస్టారూ. దిగువకి పోతుంది."

"ఏమోనండీ. మీ ఊరివన్నీ మాకే వస్తాయి, ఒక్క రైళ్ళ హాల్టులు తప్ప."

కాసేపటికి ఇద్దరం ఓ ఒప్పందానికొచ్చాం. రెండు గట్లవాళ్ళూ కలవాలి. అటు గట్టున పెడితే ఇటువాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, ఇటు పెడితే అటువాళ్ళు. కాబట్టి మీటింగు నది మధ్యలో, పడవ మీదే పెట్టాలి. అజెండా ఒకటే అంశం: ఎవరి చెత్త వాళ్ళు తీసుకోవడం. మేస్టారు ఉత్సాహంగా జేబులోంచి కాగితం తీసి రాసుకున్నారు కూడా. పడవ కిరాయి ఏ గట్టువాళ్ళు పెట్టుకోవాలన్న దగ్గర కాస్త ఆగాం. కింద ఇసుక పడవ కడుతున్న కుర్రాణ్ణి పిలిచి రేటెంతని అడిగాం.

వాడు మా ఇద్దరి మొహాలూ చూశాడు. "ఇసకకైతే ట్రిప్పు లెక్కండీ. మీటింగంటే ఎప్పుడు తేలుద్దో తెలీదు కదా, అడ్వాన్స్ ఇచ్చేయండి... ఆయ్."